రెండు వందల పదకొండో బిళ్ళ

అమ్మా లక్ష్మీబాయీ, తల్లీ రుచితా, స్విండన్ నుంచీ బేసింగ్‌స్టోక్ నుంచీ ఇంత దూరం వచ్చిన పెద్దలారా, చర్చివాళ్ళారా, గుడివాళ్ళారా! స్టాన్‌మోర్‌లో ఈ హాలు మనకు కొత్త కాదు. పుట్టినరోజులు ఇక్కడే చేసుకున్నాం, ఉగాది పచ్చడి ఇక్కడే పంచుకున్నాం. ఇవాళ మన పాండురంగం ఫొటోకు దండ కూడా ఇక్కడే వేశాం. యాభై ఆరేళ్ళు. ఇది పోయే వయసా? నాకు ఎనభై దగ్గర పడ్డాయి. నా సభలో అతను మాట్లాడాలి గాని, అతని సభలో నేను మాట్లాడటమేమిటి?

ఇలాంటి సభలో ముందుగా ఫోన్లు ఆపమంటారు. ఇవాళ ఎవరూ దేన్నీ ఆపకండి. ఫొటో పక్కన తెల్ల డబ్బా ఉంది, చూశారా? అందులో ఉన్నది మెడలో వేసుకునే అలారం బిళ్ళ. పడిపోయినప్పుడు మీట నొక్కితే అవతలినుంచి మనిషి పలుకుతారే, అది. ఈ డబ్బాలోది కొత్తది. దీని పాతది ఈ చుట్టుపక్కల ఎవరి మెడలోనో ఉంది. బహుశా ఈ హాల్లోనే ఉంది. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి ఆ పాతది చచ్చిపోతుంది. వేసుకున్న మనిషికి ఆ సంగతి తెలియదు. పాండురంగం తన చివరి వారమంతా ఆ మనిషి కోసమే వెతికాడు.

ఈ బిళ్ళ సంగతి తెలియాలంటే ఫ్రాన్సు దాకా వెళ్ళిరావాలి. కంగారు పడకండి, నలభై ఏళ్ళు లండన్‌లో బస్సు నడిపినవాణ్ణి, దారి మళ్ళినా స్టాపుకు చేరుస్తాను.

లియోన్ అనే ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు డాక్టర్లకు పేజర్లు అమ్మేవాళ్ళు. వాళ్ళు పెట్టిన కంపెనీ పేరు కొలోంబ్. అంటే పావురం. నేను బడిలో నేర్చుకున్నది కాదు, లైబ్రరీలో నిఘంటువు తిరగేసి పట్టుకున్నాను. పేజర్లు పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి, అన్నదమ్ములు సెల్‌ఫోన్ కంపెనీ అయ్యారు. ఇంటర్నెట్ వచ్చింది, ఇంటింటికీ పావురం బొమ్మ ఉన్న పెట్టె అమ్మారు. ఆ తరువాత ఇద్దరికీ చెడింది. మన దగ్గర పొలం గట్టు మీద చెడుతుంది, వాళ్ళకు పావురం రంగు మీద చెడిందట! కేబుల్ టీవీవాళ్ళు కొన్నారు. వాళ్ళ దగ్గర ఇంకొకరు, ఆ ఇంకొకరి దగ్గర మరొకరు. పాండురంగం ఆ కంపెనీ స్విండన్ ఆఫీసులో చేరాక గుమ్మం మీద బోర్డు నాలుగుసార్లు మారింది. అతని కుర్చీ మాత్రం మారలేదు. "బోర్డు మారితే నాకేంది కాకా, మన నంబరు నమ్ముకొని కూసున్న మనిషి మారడు గదా" అనేవాడు. అతనిది జగిత్యాల, నాది బందరు. పదహారేళ్ళు ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకుంటూ బతికాం.

స్విండన్‌లో వాళ్ళ పని యంత్రాల్లో ఉండే సిమ్‌లతో. ఫ్రెంచి సిమ్ అయితే ఈ దేశంలో ఏ టవర్ దొరికితే దాన్ని పట్టుకుంటుందని అలారం బిళ్ళల్లో అవే పెట్టారు. ముందు వరుసలో మణెమ్మగారున్నారు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. బేసింగ్‌స్టోక్‌లో స్నానాలగదిలో జారి తుంటి విరిగినప్పుడు ఆమెకు అందినది మెడలో బిళ్ళ ఒక్కటే. ఆ కబురు అడిగితే ఇప్పటికీ ఒకటే చెబుతారు: "ప్రార్థన చేశానయ్యా. కానీ ముందు మీట నొక్కి, తరవాత చేశాను."

నవ్వండి, పరవాలేదు. పాండురంగం కూడా నవ్వాడు. కాని ఆ మర్నాడే ఆఫీసుకు వెళ్ళి లెక్క తీశాడు. అప్పటికే కొత్త యజమానులు పాత సిమ్‌లన్నిటినీ ఒకేసారి ఆపేస్తామని చెప్పి ఉన్నారు. ఈ దేశంలో పాత సిమ్‌తో నడుస్తున్న బిళ్ళలు రెండు వందల పదకొండు. వాటిని అమ్మినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. మరి ఎవరు చెప్పాలి ఆ రెండు వందల పదకొండు మందికి?

అతను పారిస్ వెళ్ళాడు. అద్దాల గది, పొడుగు బల్ల, అటు పెద్దవాళ్ళు ఏడుగురు. లక్షల సిమ్‌ల మధ్య రెండు వందలు ఒక సంఖ్యేనా అన్నారు. పాండురంగం వాదించలేదు. అప్పటికే సిమ్ ఆపేసిన బిళ్ళ ఒకటి జేబులోంచి తీసి పెద్దాయన ముందు పెట్టాడు. నొక్కండి అన్నాడు. ఆయన నొక్కాడు. పలకలేదు. మళ్ళీ నొక్కాడు. పలకలేదు. పాండురంగం చేతిగడియారం చూస్తూ కూర్చున్నాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. అప్పుడన్నాడు: "మా మణెమ్మగారు చన్నీళ్ళలో పడి ఉన్నారు. ఇంకా ఎంతసేపు చూద్దాం?"

నాలుగు నెలల గడువిచ్చారు, అది రేపటితో సరి. కొత్త బిళ్ళలు కారు డిక్కీలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కాగితం మీద ఒక్కొక్క పేరు పక్కన టిక్కు. మనవాళ్ళ దగ్గరే ఎక్కువ చిక్కు వచ్చింది. మనం ఇండియా వెళుతూ బిళ్ళ తీసి పక్కింటావిడ మెడలో వేస్తాం. పేరు ఒకరిది, మెడ ఒకరిది! అయినా పట్టుకున్నాడు. రెండు వందల పది దొరికాయి. ఆఖరి పేరు ఒకటి మిగిలింది.

ఆ పేరు చలపతి. నేనే.

ఇంతసేపూ పావురాల కబుర్లు ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమైందా? ఈ స్టాపులో దిగటం నాకిష్టం లేదు. దిగుతాను.

మూడేళ్ళ కిందట వంటింట్లో పడ్డాను. మా అమ్మాయి ఆ బిళ్ళ తెచ్చి మెడలో వేసింది. నాకు నామోషీ. ఒక ఆదివారం ఈ హాల్లోనే, అదిగో, ఆ కిటికీ కింది బల్ల మీద, కావలసినవాళ్ళు తీసుకోవటానికి పెట్టిన పాత స్వెట్టర్ల మధ్య దాన్ని వదిలేశాను. ఎవరో తీసుకున్నారు. పాండురంగం వచ్చి, "కాకా, మీ బిళ్ళ ఏది?" అన్నాడు. "బందరు బస్టాండులో పారేసుకున్నానురా" అన్నాను. కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడాను. ఆ బిళ్ళ స్టాన్‌మోర్‌లోనే తిరుగుతోందనీ, ఎవరో రోజూ పొద్దున్నే చార్జింగ్ పెడుతున్నారనీ అతని కంప్యూటర్ అప్పటికే చెప్పింది, ఏ ఇంట్లోనో మాత్రం చెప్పలేదు. అయినా "సరే కాకా" అన్నాడు. అంతే.

నేను నిజం చెప్పి ఉంటే ఈ హాల్లో ఒక్క ప్రకటనతో తేలిపోయేది. చెప్పలేదు కాబట్టి మెట్లెక్కి దిగాడు, తలుపులు తట్టాడు. పోయిన శుక్రవారం ఇటు వచ్చే రైలు కోసం కూర్చున్న స్విండన్ స్టేషన్ బెంచీ మీదే గుండె ఆగింది. జేబులో ఆ కాగితం. నా పేరు పక్కన ఖాళీ.

గుండె ముందునుంచీ బాగాలేదని డాక్టరే అన్నాడు. కాని అతను ఇంట్లో కూర్చోవలసిన వారం అది. భార్యకూ కూతురికీ దక్కవలసిన ఆ వారాన్ని నేను తిన్నాను. లక్ష్మీబాయీ, నిన్న ఈ మాట నీకు చెప్పినప్పుడు నువ్వు నన్ను వెళ్ళిపొమ్మనలేదు. టీ పెట్టావు. ఆ టీ ఇంకా దిగలేదమ్మా.

ఫోన్ చేస్తే ఆ బిళ్ళ కుయ్యికుయ్యిమంటుంది, మీట నొక్కితే మాట్లాడవచ్చు. పాండురంగం పదకొండుసార్లు చేశాడు. ఎవరూ నొక్కలేదు. ఎందుకు నొక్కలేదు? మనకు తోచలేదు, ఇక్కడ పుట్టిన అతని కూతురు రుచితకు తోచింది. తమది కాని వస్తువును వెనక్కి అడుగుతారేమోనని భయపడి ఉంటారు అంకుల్ అని ఇంగ్లీషులో అంది.

అమ్మా, అయ్యా, మీరు ఎవరైనా సరే. దాన్ని ఎవరూ వెనక్కి అడగరు. అది మీదే. సిగ్గుపడవలసింది తీసుకున్న మీరు కాదు, వదిలేసిన నేను. కొత్తది ఆ డబ్బాలో మీ కోసమే ఉంది. మీ పేరు తెలియక పాండురంగం డబ్బా మీద ఏమీ రాయలేదు.

ఇక అందరం లేద్దాం. పారిస్‌లో అతను గడియారం చూస్తూ కూర్చున్నంతసేపే, రెండు నిమిషాలు. తలుపు దగ్గర రుచిత ఆ పాత బిళ్ళ నంబరు కలుపుతుంది. కోటు కింద, స్వెట్టర్ కింద, కొంగు చాటున, ఎక్కడ కూసినా తల దించుకోకండి, చెయ్యి ఎత్తండి. ఎన్నో సభల్లో మౌనంగా నిలబడ్డాను. ఈ ఒక్క మౌనం చెడిపోవాలని కోరుకుంటున్నాను.

లేవండి. రుచితా, కలుపు తల్లీ.