దారపుండ చీల్చిన కేబుళ్ళు

ఏదీ, ఇలా చూపించు. నీ కంప్యూటరుకి ఈ తీగేనా కొన్నది? ముందు కళ్ళజోడు అందించవే, ఆ కిటికీ గట్టు మీద ఉంది. ఊఁ, మెరుస్తోంది బాగానే. పైన వల అల్లినట్టు తొడుగు కూడానూ. "దీంతో డిస్కు వేగంగా నడుస్తుందమ్మా" అన్నాడా కొట్టువాడు? అన్నాడు కదూ! నీ మొహం చూసే అని ఉంటాడు. తొడుగు తొడిగితే వేగం ఎక్కడినుంచి వస్తుందే, కొత్త చొక్కా వేసుకున్న పిల్లాడికి లెక్క తొందరగా వస్తుందా? వాణ్ణి నేను మొదటి రోజే నమ్మలేదు. అడిగినదానికి జవాబు చెప్పేముందు ఒకసారి నవ్వుతాడు. సరే, పొడుగెంత? మీటరా! డిస్కుకీ బోర్డుకీ మధ్య మూరెడు దూరం కూడా లేదు, మీటరు తీగతో ఏం చేస్తావు, పెట్టెలో ఊయల కడతావా? కొలిచావా అసలు? కంటితో కాదమ్మడూ, దారంతో. ఒక కొస డిస్కు దగ్గర పట్టుకో. పెట్టె అంచు వెంబడే తిప్పుకుంటూ రా, అడ్డంగా నడిమధ్య నుంచి కాదు, ఫాను ఎదురుగా అసలే కాదు. బోర్డు దాకా వచ్చాక ఇంకో రెండు వేళ్ళు వదులు పెట్టు. అదీ నీక్కావలసిన పొడుగు. తక్కువైతే బిగుసుకుని ఊడొస్తుంది, ఎక్కువైతే చుట్టలు చుట్టుకుని గాలికి అడ్డం కూర్చుంటుంది. ఎవరు నేర్పారా నాకు? నేర్పినవాడు పోయి చాలా ఏళ్ళయింది. మా బళ్ళో కంప్యూటర్ల గది చూసుకునేవాడు. జేబులో ఎప్పుడూ దారం పెట్టుకు తిరుగుతాడని పిల్లలు "దారపుండ" అనేవారు. పిల్లలేమిటిలే, మేమూ అలాగే అనేవాళ్ళం. అతని ఉద్యోగం పోయింది నావల్లే. అదలా ఉంచు. ఆ రెండో తీగ చూపించు.

ఆ, ఇది నయం. కొస వంగి ఉంది చూశావా, పక్క రేకుకి గుచ్చుకోకుండా తిరిగిపోతుంది. ఆ వంగినవైపు డిస్కుకి పెట్టు. బోర్డువైపు వంపు ఉంటే పక్క రంధ్రాన్ని మూసేస్తుంది. క్లిప్పు టక్కుమందా? అనలేదా? అయితే పట్టలేదన్నమాట, ఇంకోసారి నొక్కు. మీకిప్పుడు చిటికెన వేలంత తీగలు, సుఖపడుతున్నారు. మా రోజుల్లో అవి పట్టీల్లా ఉండేవి. మూడు వేళ్ళ వెడల్పు, బూడిద రంగు, ఒక అంచున ఎర్రగీత. సన్న తీగలు నలభై పక్కపక్కనే అతుక్కుని, ప్రార్థనకి నిలబెట్టిన పిల్లల్లా వరసగా. మూత తీస్తే లోపల తెరలు కట్టినట్టుండేది. ఫాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం ఆ తెర దాటి వెళ్ళదు. మాదేమో రేకుల గది. ఎండాకాలం వచ్చిందంటే మధ్యాహ్నానికి ఒక్కొక్క మిషనూ బిగుసుకుపోయేది, పిల్లలు బయటికి పరిగెత్తేవారు సంబరంగా. అతనొక్కడే మూతలు తీసుకుని, లోపలికి చూస్తూ కూర్చునేవాడు. నాకు మొదట్నుంచీ అతని మీద అనుమానమే. ఎందుకంటే ఏం చెప్పను... నడిస్తే చెప్పుల చప్పుడు వచ్చేది కాదు. వెనకనుంచి వచ్చి "టీచర్ గారూ" అనేవాడు, గుండె గుభేలుమనేది. చప్పుడు చెయ్యని మనిషి ఏదో దాస్తున్నాడనే కదా మనకి అనిపిస్తుంది. నీకనిపించదా? నీకింకా ఈడు రాలేదులే.

ఒకరోజు సాయంత్రం చూద్దును కదా, రెండు మిషన్లలోంచి పట్టీలు పీకి చేతిసంచిలో పెట్టుకుంటున్నాడు. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. వెంటపడ్డాను. అవునే, పాతికేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, సందులో మనిషి వెనక నక్కుతూ వెళ్ళాను, నవ్వుకో. మూడు సందులు తిరిగి ఒక ఇంటి గుమ్మం ఎక్కాడు. నేను ఎదురుగా సైకిలు షాపు దగ్గర, గాలి కొట్టించుకోవడానికి వచ్చినట్టు నిలబడ్డాను. "సైకిలేదమ్మా?" అన్నాడు షాపువాడు. "వస్తోంది" అన్నాను! కిటికీలోంచి కనబడుతోంది, కుట్టుమిషను ముందు ఒకావిడ. ఇతను సంచి విప్పాడు. ఆవిడ పట్టీని మోకాలి మీద పరుచుకుని, కుట్లు విప్పే చిన్న కత్తి తీసి, సర్రుమని నిలువునా చీల్చేసింది. నా ప్రాణం పోయిందనుకో, బడి సొమ్ము! మర్నాడు నిలేశాను. "ఎవరావిడ? ఏమిటా పని?" అంటే మెల్లగా అన్నాడు కదా, "మా అక్క టీచర్ గారూ. నా చెయ్యి వణుకుతుంది, ఆమెది వణకదు." అక్కట! నేను ఆ మర్నాడు వెళ్ళి ఆ సైకిలు షాపువాణ్ణి అడిగి వచ్చాను. అక్కే.

తెచ్చి చూపించాడు. తీగకీ తీగకీ మధ్య ఉన్న సందులోనే చీల్చారు, లోపలి రాగి ఎక్కడా బయటపడలేదు. నాలుగేసి తీగలు ఒక పాయ. పాయలన్నీ కలిపి జడలా దగ్గరికి చేర్చి, జానెడుకొక చోట దారంతో ముడి. పట్టీ కాస్తా తాడయింది. "ఇప్పుడు గాలికి దారి ఉంటుందండి" అని మిషను వెనక నా చెయ్యి పెట్టించాడు. వేడిగాలి బయటికి తోసుకొస్తోంది. ఒప్పుకున్నానా? లేదు. "కోసిన తీగ ఎప్పటికైనా కోసినదే" అన్నాను. "పరీక్షల గదిలో మీ మిషను కూడా బాగా వేడెక్కుతోందండీ, ఒక్క పూట ఇవ్వండి" అన్నాడు. ఆ మిషనులో బడి మొత్తం మార్కులున్నాయి. అవి కావాలనే అడుగుతున్నాడనుకున్నాను. గదికి తాళం వేసి, తాళంచెవి నా మెడలో గొలుసుకి తగిలించుకున్నాను. ఆలోగా తన గదిలోవి పదకొండూ అలాగే చేయించేశాడు. నన్ను మూడుసార్లు అడిగాడు పాపం. మూడోసారి, "మూతైనా తీసి దుమ్ము దులిపించుకోండి టీచర్ గారూ" అన్నాడు. అడిగినకొద్దీ నా అనుమానం పెరిగింది.

రేపు మార్కులు చదవాలనగా నా మిషను ఆగిపోయింది. డిస్కు కాలిన వాసన. మార్కులు పోయాయి, అన్నీ. హెడ్మాస్టరు అందర్నీ పిలిచారు. ఆయనకి నడుం నొప్పి, వంగలేరు. నిలబడే ఉరిమారు, "ఇతగాడు కంప్యూటర్లు కోస్తున్నాడట, నిజమేనా టీచరమ్మా?" అని. పెట్టె మూత తీసి ఉంది, నా పక్కనే. వంగి చూస్తే కనబడుతుంది, పట్టీ చెక్కు చెదరకుండా, ఫానుకి అడ్డంగా అతుక్కుని, దాని మీద దుమ్ము దుప్పటిలా. పన్నెండు మిషన్లలో కొయ్యనిది అదొక్కటే. నేను ముట్టుకోనివ్వనిది అదొక్కటే. నేనేమన్నానో తెలుసా? "తీగలు కోసిన మాట నిజమేనండి" అన్నాను. చూడు, ఆ వాక్యంలో అబద్ధమెక్కడుందో చూపించు. ఏ మాటా తప్పు కాదు. అతను పెట్టె వైపు చూశాడు. నా మెడలో తాళంచెవి చూశాడు. నోరు విప్పుతాడనుకున్నాను. బల్ల మీది దారపుండ తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పుడూ చప్పుడు లేదు.

మిగతా పదకొండూనా? ఇంకా నాలుగేళ్ళు నడిచాయి, ఒక్కటీ మొరాయించలేదు. అతను అక్క దగ్గరే కుట్టుమిషన్లు బాగుచేస్తూ ఉండిపోయాడట. పోయాక ఆవిడ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి ఒక పొట్లం ఇచ్చింది, "మీకిమ్మని ఎప్పుడో చెప్పాడు, నాకే రావాలనిపించలేదు" అంది. ఆ బొత్తాల డబ్బా తే. అడుగున చూడు. ఆ, అదే. నా మిషనుకి కొలిచి, చీల్చి, ముడులు వేసి ఉంచిన తీగ. నేను లేనప్పుడు గది తీశాడేమోనని అప్పుడు కూడా అనుమానించాను, ఎలా కొలిచాడా అని. ఏమిటీ? అవునే, పన్నెండూ ఒకే అచ్చువి, ఏది కొలిచినా ఒకటే. నువ్వు చెప్పేదాకా... కాదులే, నాకూ తెలుసు.

ఎందుకు పంపించి ఉంటాడంటావ్? మంచితనమా? అంత మంచివాళ్ళుంటారంటే నాకు నమ్మకం లేదు. దెప్పడానికా? దెప్పేవాడైతే ఆ రోజే వంగి చూడండి సార్ అనేవాడుగా. ఒక్క మాట. అనలేదేం? ఇన్నేళ్ళుగా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను, ఎటు చూసినా...

ఆ ముడి విప్పకే. అలాగే పెట్టెయ్ డబ్బాలో.

ఫాను తిరుగుతోందా? వెనక చెయ్యి పెట్టి చూడు. గాలొస్తోందా? సరే అయితే, మూత బిగించు. ఆ కొట్టువాడు ఎన్నింటికి మూస్తాడు? మీటరుది వాడికి తిరిగిచ్చెయ్యాలి.