సిందూరం అంటని దిక్కు

ఎల్లారెడ్డి శివారు చేనులో, నల్లరాయి ముందు అనూహ్య సుత్తి పట్టుకుని నిలబడింది. తండ్రి గంగారాం రాయికి అడ్డంగా కూర్చున్నాడు.

"లే బాపు. పోయినసారి తీస్కపోయిన ముక్కల సీసం మస్తు ఎక్కువొచ్చింది. దేవుడని అమ్మ ఈ రాయికి పూసిన సిందూరంల సీసముంటది, గదే కలిసింది."

"కలిస్తే ఏమైతది?"

"ఈ రాయి భూమి లోపల కరిగి పైకొచ్చింది. దీంట్ల రవ్వంత ఉండే సీసం అసొంటివి చూస్తేనే, ఆ లోపలి పొర ఎట్ల మారుకుంట వచ్చిందో తెలుస్తది. సరైన ముక్క లేకుంటే ఇన్నేండ్ల నా పరిశోధన వట్టిదే."

"ఇంకో దిక్కు కొట్టుకో."

"పైన సిందూరం రంగు వానకు కడుక్కపోయింది, సీసం రాయిల ఇంకింది. ఏ దిక్కు పూయలేదో నాకెట్ల తెల్వాలె? లోపలిదాంక పగలగొట్టాలె."

"మీ అమ్మ పోయినంక ఆమె చేతి గుర్తు గిదొక్కటే ఉన్నది. దీన్ని పగలగొడ్తవా?"

అనూహ్య సుత్తి దించింది. "వద్దులే బాపు. ఇంటికి పోదాం పా."

బిడ్డ సుత్తిని సంచిలో పెట్టబోవడం చూసి గంగారాం లేచాడు. రాయిని తడుముకుంటూ వెనక్కి నడిచాడు.

"గిటు రా బిడ్డా. ఇది నీడ దిక్కు. నేను గీడ ఆనుకొని సద్ది తినేటోన్ని. ఇటు మీ అమ్మ ఒక్కనాడు సిందూరం పెట్టలే."

"ఎందుకు?"

"నా అంగీకి అంటుతదని. కొట్టు బిడ్డా. మెల్లగ, అటు దిక్కు రాలకుంట."