బోణీ మాటను దిద్దని అశోక్‌కుమార్ గారు

1991వ సంవత్సరం జూలై నెల ఒకటవ తేదీన, కన్నడనాట కాడుగోడిలోని మన తెలుగు వర్తక సంఘం కళాశాలలో ఫ్రెంచి ఉపన్యాసకులుగా శ్రీ అశోక్‌కుమార్ గారు బాధ్యతలు స్వీకరించారు. చిక్కపేటలో తరతరాలుగా చీరల అంగడి నడుపుతున్న కుటుంబంలో జన్మించిన ఆయన, గద్దె మీద కూర్చోవలసిన వయసులో ఫ్రెంచి భాషపై మనసు పడటం బంధువులందరికీ విడ్డూరంగా తోచింది. మాతృమూర్తి సొన్నమ్మ గారు మాత్రం, "నేర్చుకోనీలే అప్పా, ఆ మాటోళ్లూ ఒగ దినం మన అంగడికి వస్తారేమో" అని వారందరి నోళ్లూ మూయించారట.

ఆ రోజుల్లో ఫ్రెంచి అంటే మార్కుల భాష. పరీక్షలో నూటికి నూరు తెచ్చుకునే విద్యార్థులు, మంచినీళ్లు కావాలని అడగమంటే బిక్కమొహం వేసేవారు. అది అశోక్‌కుమార్ గారి మనసును ముల్లులా గుచ్చేది. స్టేషను వైపు నుంచి రైలు కూత వినబడితే చాలు, పాఠం మధ్యలో ఆగి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేవారు. ఆ రైలు ఏ మలుపులోనో దారి తప్పి, తాను ఎన్నడూ చూడని ఫ్రెంచి ఊరి సంతలో ఆగుతుందనీ, తన పిల్లలంతా సంచులు పట్టుకుని దిగి తనివితీరా బేరాలాడతారనీ ఆయన కల. ఆ కల ఆయనను ఊరికే ఉండనివ్వలేదు.

సొన్నమ్మ గారు కన్నడం, తమిళం, ఉర్దూ నేర్చింది బడిలో కాదు, అంగడిలో బేరాలాడుతూనే. అది గుర్తుకొచ్చి ఆయన ఒకనాడు ఇంటి నుంచి, అంగట్లో తెల్లదుప్పటి పరిచి కూర్చునే పాత పరుపునూ, కొన్ని చీరముక్కలనూ తెచ్చి తరగతిలో అంగడి పెట్టేశారు. వారానికొక గంట అక్కడ ఫ్రెంచిలోనే కొనాలి, ఫ్రెంచిలోనే అమ్మాలి. అంగడి ఆచారం కూడా వెంట తెచ్చుకున్నారు. పొద్దున వచ్చిన తొలి బేరాన్ని, రెండు రూపాయలు తగ్గినా సరే, వ్యాపారి కాదనడు కదా! అలాగే ఆ గంటలో ముందుగా నోరు తెరిచిన వారి మాట ఎంత వంకరగా ఉన్నా దిద్దకూడదు. దాన్ని సంతోషంగా అందుకుని బదులివ్వాలి. దిద్దుబాట్లన్నీ రెండో మాట నుంచే.

2013లో ఆ గంటకే గండం వచ్చింది. మాటలతో కాలం వృథా అవుతోందనీ, దాన్ని పరీక్షల తర్ఫీదుకు కేటాయించాలనీ కొందరు పట్టుబట్టగా, సంఘ కార్యదర్శి, చిక్కపేటలో ఇనుప సామాన్ల వ్యాపారి అయిన పిల్లప్ప గారు ఒక పరీక్షకుణ్ణి వెంటబెట్టుకుని స్వయంగా చూడవచ్చారు. పెద్దలను చూసి పిల్లలు బిగుసుకుపోయారు. బయట వాన మొదలైంది. అశోక్‌కుమార్ గారు పరుపు మీద, అరమోడ్పు కన్నులతో, బోణీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆ వేళ ఎవరూ పలకకపోతే ఆ అంగడి ఇక తెరుచుకోదని ఆయనకు తెలుసు.

ముళబాగిలు నుంచి వచ్చిన నవ్య అనే విద్యార్థిని ఏడాదిగా ఆ గంటలో పెదవి విప్పలేదు. ఆ రోజు వెనక బల్ల నుంచి లేచి వచ్చి, నీలి చీరముక్కను తాకి, ధర ఎంతని తడబడుతూ అడిగింది. పరీక్షకుడు అలవాటు కొద్దీ తప్పులు దిద్దబోయాడు. నవ్య తల వాలిపోయింది. ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పని అశోక్‌కుమార్ గారు చెయ్యెత్తి ఆపారు. "అది బోణీ మాటండీ. బోణీని దిద్దే ఆచారం మా అంగట్లో లేదు" అన్నారు.

అప్పుడు పిల్లప్ప గారు ఫక్కున నవ్వారు. "న్యాయమే కదప్పా. బోణీ కాడ తగువు పెట్టుకుంటే ఆ దినమంతా యాపారం ఉంటాదా? ఈ గంట ఇట్లే ఉండనీండి" అన్నారు. చెప్పులు విడిచి పరుపు ఎదుట కూర్చుని, ధర తగ్గించమని ఫ్రెంచిలో ఎలా అడగాలో పిల్లల చేతనే చెప్పించుకున్నారు.

అనంతరం అశోక్‌కుమార్ గారు విభాగాధిపతిగా ఉన్నత బాధ్యతలు నిర్వహించినప్పటికీ, ఆ పరుపు మీది చోటును ఆయన ఏనాడూ వదులుకోలేదు. పదవీ విరమణ వేళ, నిన్నటి దినం మాత్రం ఆ చీరముక్కలన్నీ మడిచి, విభాగంలో కొత్తగా చేరిన ఉపన్యాసకురాలి చేతిలో పెట్టి, "అంగడి జోపానం తల్లీ" అని జాగ్రత్త చెప్పారు. ఆమె ఆ నవ్యే.

అశోక్‌కుమార్ గారు ఆయురారోగ్యాలతో, ఆప్తుల నడుమ నిండు నూరేళ్లు జీవించాలనీ, కలలోని ఆ రైలు ఆయనను నిజంగానే ఆ సంత దగ్గర దింపాలనీ, అక్కడ ఆయన పలికే తొలి మాటను ఎవరూ దిద్దకుండా నవ్వుతూ అందుకోవాలనీ సహోద్యోగులందరి ఆకాంక్ష. ఈ నాలుగు మాటలు రాసినది కూడా నవ్యే. కన్నడంలో చదువుకున్న ఆమెకు తెలుగులో ఇదే తొలి వ్యాసం. తప్పులు కనబడితే గురువుగారు ఎర్ర కలం తీయవద్దని మనవి. ఇది బోణీ.