ఉరుముల వారం

రిలా కొండల మీద, కొండెక్కేవాళ్ళు రాత్రికి ఆగే బస. జూన్ నెల, ఆదివారం మధ్యాహ్నం. వంటగదిలో అత్త స్టామెనా, కోడలు ఇవెలీనా.

"…అది కాదు, ముందు ఆ గరిటె ఇలా ఇవ్వు. నువ్వు కూర్చో."

"మీరు కూర్చోండత్తయ్యా. ఇప్పుడేగా వచ్చారు, కొండెక్కి."

"నేను ఎక్కితే నీకేం, దిగితే నీకేం. గరిటె ఇవ్వు."

"బయట అంతమంది ఉన్నారు. వాళ్ళకి వడ్డించాలి."

"వాళ్ళ గిన్నె వరండాలో పెట్టించేశాను. రొట్టె కూడా కోసిచ్చాను. తింటారు, మొగాళ్ళు, చేతుల్లేవా? ఈ గిన్నెలోది మనిద్దరికీ."

"నాకు ఆకలి లేదు."

"ఆకలి సంగతి నేనడిగానా? ఎప్పుడు తిన్నావు?"

"తిన్నాను."

"ఎప్పుడు?"

"పొద్దున… కాదు, నిన్న. తిన్నాను ఏదో."

"బుగ్గలు చూడు, ఎలా లోపలికి పోయాయో. కూర్చో. ఇదిగో, ఇక్కడ. కిటికీ వైపు కాదు, ఇటు తిరుగు, చలిగాలి కొడుతోంది."

"మీరూ వడ్డించుకోండి మరి. మీరు తింటేనే నేను."

"తింటాన్లే."

"అత్తయ్యా, దార్లో బోత్యో కనిపించాడా? ఎర్ర కోటు, గడ్డం. వెతికేవాళ్ళకి పెద్ద."

"కనిపించాడు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. వానొచ్చేలా ఉందన్నాడు."

"అంతేనా?"

"అంతే. ఇంకేముంటుంది?"

"ఏం లేదులెండి. ఊరికే అడిగాను."

"తిను."

"మెతోది బాబాయిని గుర్రంతో పంపాను మీకోసం. మీరేమో నడిచొచ్చారు."

"సగం దూరం గుర్రం మీదే వచ్చా. తర్వాత దిగేశా. ఆ జీను మీద కూర్చుంటే ముసలిదాని నడుం మిగులుతుందా? మెతోది గుర్రం, మెతోది లాగే. ఒక కాలు ఇటేస్తే ఒక కాలు అటు."

"పొద్దున్నే తాగుతాడు."

"గుర్రమా?"

"బాబాయి."

"ఆఁ… అదిగో, ఉరిమింది."

"మొదలైంది."

"రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతే. పొద్దున లేచేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది. ఎండ. ఒక్క మబ్బు ఉండదు. వీళ్ళంతా తాళ్ళు భుజానేసుకుని బయల్దేరతారు, ఇవాళ దొరుకుతాడంటారు. పన్నెండు దాటాక ఆ శిఖరం వెనక చిన్న తెల్ల ముద్ద లేస్తుంది. ఇంతే ఉంటుంది, గుప్పెడంత. చూస్తూ ఉంటే పాలు పొంగినట్టు పొంగిపోతుంది. ఇంకేముంది, దిగండి దిగండి అని బోత్యో కేకలు. హెలికాప్టర్ కూడా వచ్చింది గురువారం. మబ్బు మొహం చూసి తిరిగెళ్ళిపోయింది."

"కింద మా ఊళ్ళోనూ అదే వాన. వడగళ్ళు పడి బంగాళాదుంపల ఆకులన్నీ చిల్లులు."

"దుంపకేం కాలేదా?"

"ఏమో. నేను చేలోకి వెళ్ళలేదు."

"మీరా? చేలోకి వెళ్ళలేదా?"

"వెళ్ళలేదు. తిను, మాటలు తర్వాత."

"తింటున్నాగా."

"చెంచా అటూ ఇటూ తిప్పడం తినడం కాదు. నోట్లో పెట్టు. ఆఁ, అలా. ఉప్పు సరిపోయిందా?"

"తెలీట్లేదు."

"నాకూ తెలీట్లేదులే. ఇందులో పుదీనా వేశావా?"

"వేశాను."

"వాడికి పడదు పుదీనా. బీన్స్ సూపులో ఆ వాసన వస్తే చాలు, గిన్నె పక్కకి నెట్టేస్తాడు. చిన్నప్పట్నించీ."

"తనే వేసేవాడు."

"ఎవరు, ల్యూబెనా?"

"ల్యూబెనే. చేత్తో నలిపి, ఇంత వేసేవాడు."

"వేసేవాడు అంటావేంటి? వేస్తాడు అను."

"ఆఁ… వేస్తాడు."

"నా కొడుక్కి పుదీనా పడదని నాకు తెలీదా?"

"మీ ఇంట్లో పడదేమో."

"అంటే?"

"మీ ఇంట్లో మీరు పెట్టింది తిన్నాడు. మీరు చెప్పిన పొలం దున్నాడు. ఏది నచ్చుతుందని మీరెప్పుడన్నా అడిగారా అత్తయ్యా? వదిలేయండి. నేనేదో…"

"అడగలేదు."

"వదిలేయండన్నాగా."

"అడగలేదే నేను. నిజమే. సరే, తిను. రొట్టె ముంచుకుని తిను, మెత్తగా ఉంటుంది. రాత్రి చేశా."

"రాత్రా? నిద్రపోలేదా మీరు?"

"నిద్రెక్కడ. పిండి పిసుకుతుంటే రెండు చేతులకీ పనుంటుంది కదాని. మూడు రొట్టెలు చేశా. ఎవరు తింటారో ఆలోచించలేదు, చేస్తూ పోయా."

"నేను గిన్నెలు కడుగుతున్నాను. సోమవారం నుంచీ అదే పని. వీళ్ళు ముప్పై మంది ఉన్నారు మొదట్లో. వండటం, కడగటం, తడిసిన సాక్సులు పొయ్యి మీద ఆరేయటం. నిన్న ఒక కుర్రాడు, సోఫియా నుంచి వచ్చాట్ట, సూప్ చాలా బాగుందక్కా అన్నాడు. థాంక్స్ అన్నాను. నవ్వాను కూడా అత్తయ్యా. నవ్వి, ఇంకో గరిటె వేశాను."

"వేస్తే ఏమైంది."

"నాకు ఏడుపు రావట్లేదు."

"రాకపోతే పోనీ."

"ఒక్కసారి కూడా రాలేదు. అందరూ నా మొహం చూస్తున్నారు, ఎప్పుడొస్తుందా అని. ఉరుము వినిపిస్తే వీళ్ళంతా ఉలిక్కిపడతారు, నేను పడను. నా మీద పడినా నాకు తెలీదేమో అనిపిస్తుంది."

"నేను మంగళవారం కోళ్ళకి గింజలు వేశా. బా బా బా అంటూ చెయ్యి విదిలిస్తున్నా, విదిలిస్తున్నా. చూసుకుంటే చేతిలో గింజల్లేవు. ఉత్త చెయ్యి. కోళ్ళన్నీ నిలబడి నా మొహంలోకి చూస్తున్నాయి, దీనికి పిచ్చెక్కిందా అని."

"మరి వేశారా?"

"ఏంటి?"

"గింజలు."

"గుర్తు లేదు. …ఇదేంటి, ఇంత దగ్గర్లో పడింది?"

"ఇంటి వెనక కమ్మీ ఉంది. పిడుగు దాని మీదే పడుతుంది. భయపడకండి."

"భయపడటానికి ఇంకేముంది నాకు."

"ఏమన్నారు?"

"ఏం లేదు. కోటు కప్పుకో, వణుకుతున్నావు."

"పొయ్యి ఆరిపోతోంది. కట్టెలు తెస్తాను."

"వద్దు."

"షెడ్డులోనేగా, రెండడుగులు."

"వద్దన్నానా! బయట అంత వాన. నేను తెస్తాను, నాకు గొంగళి ఉంది."

"మీరు కూర్చోండి! మీరు… ఆ షెడ్డు గొళ్ళెం పట్టేసింది. మీ వల్ల కాదు."

"గొళ్ళేలు తీయలేని దాన్నా నేను?"

"అత్తయ్యా, నా మాట వినండి. కట్టెలొద్దు. ఆ ఆపిల్ పెట్టె ఉందిగా, అది విరిచేస్తాను."

"విరిచెయ్. మంచి పెట్టె."

"మంచిదైతే ఏం. పక్కకి జరగండి, పెచ్చులు ఎగురుతాయి."

"కాలితో తొక్కు, అలా కాదు… ఆఁ. ఇంకోటి. చాల్లే, వచ్చి కూర్చో. నీ గిన్నె చల్లారిపోయింది, ఇలా తే, వేడిది పోస్తా."

"ఇంక వద్దు."

"సగం గరిటె."

"మీదేది? మీరు చెంచా కూడా ముట్టుకోలేదు."

"ముట్టుకుంటా. ఇదిగో. చూశావా, మింగా. ఇప్పుడు నువ్వు."

"చిన్నపిల్లకి పెట్టినట్టు పెడుతున్నారు."

"ఇంతకు ముందెప్పుడూ పెట్టలేదుగా, నాకు చేతకావట్లేదు."

"రెండేళ్ళయింది మీరు నాతో మాట్లాడి."

"మాట్లాడానుగా ఈస్టర్‌కి. ఫోన్ చేశా."

"‘వాడికివ్వు’ అన్నారు. ఆ ఒక్క మాట. అది నాతో మాట్లాడటమా?"

"…కాదులే."

"ఈ బస అద్దెకి తీసుకుందామన్నది నేననుకున్నారు కదా మీరు? పొలం మాన్పించి కొండెక్కించానని, ఊరంతా చెప్పుకున్నారు కదా?"

"చెప్పాను."

"తనే అన్నాడు. నాకు మోకాళ్ళ నొప్పి, నేను రానన్నాను మొదట. తనే బతిమాలాడు."

"నాకు తెలుసు."

"తెలుసా?"

"ఏడేళ్ళప్పుడు తప్పిపోయాడు ఒకసారి. సాయంత్రం దాకా వెతికాం. చూస్తే, చర్చి గంట దగ్గర, అంత ఎత్తున కూర్చుని కొండలకేసి చూస్తున్నాడు. దింపి రెండు తగిలించా. ఆ రోజే తెలుసు వీడు నా పొలంలో నిలవడని. కానీ ఒక్కగానొక్క కొడుకు. వాణ్ణి తిట్టలేక నిన్ను తిట్టా. నువ్వు పరాయి పిల్లవి, తిట్టడం తేలిక."

"ఇప్పుడు చెబుతున్నారు."

"ఇప్పుడే చెబుతున్నా. ఇంకెప్పుడు చెప్పను?"

"మీరొచ్చి అడుగుతారనుకున్నాను, నువ్వే పంపావా అని. వారమంతా అదే అనుకున్నాను. ఏం జవాబు చెప్పాలా అని."

"పంపావా?"

"కుళాయిలో నీళ్ళు రావట్లేదన్నాను. పోయిన ఆదివారం వానకి పైన చెరువు దగ్గర గొట్టం పూడుకుపోయింది. సోమవారం పొద్దున చెప్పాను, తను పార తీసుకుని వెళ్ళాడు. ఎండగా ఉంది. భోజనానికి వచ్చేస్తానన్నాడు."

"నీళ్ళు లేకపోతే ఎవరో ఒకరు వెళ్ళాల్సిందేగా."

"అంతేనా? ఇంకేం అనరా?"

"నువ్వు తెచ్చిన వానా అది? తిను. అడుగున ఇంకా ఉంది."

"అయిపోయింది. చూడండి."

"చూపించు… ఆఁ. మంచిది. రొట్టె?"

"అదీ అయిపోయింది. మీది కూడా పూర్తి చేయండి. నాలుగు చెంచాలుంది అంతే."

"చేస్తా. ఇదిగో… ఇదిగో. సరేనా?"

"సరే."

"వాన తగ్గినట్టుంది."

"ఉరుము అవతలి లోయలోకి పోయింది. రోజూ ఈ టైముకి పోతుంది."

"ఇవెలీనా."

"ఊఁ."

"గిన్నె అక్కడ పెట్టేసెయ్. కడగటం తర్వాత. నీ చేతులిలా ఇవ్వు."

"తడిగా ఉన్నాయి."

"ఉండనీ. ఇలా ఇవ్వు. చూడు తల్లీ… బోత్యో వాళ్ళు ఇవాళ ఇంక పైకి వెళ్ళరు. రేపు కూడా వెళ్ళరు. ఎందుకంటే పొద్దున…"

"తెలుసు."

"ఏం తెలుసు నీకు?"

"పై గదిలో దుప్పట్లు మారుస్తున్నాను. కిటికీలోంచి చూశాను. గుర్రాన్ని వెనక దారిలో షెడ్డుకి తోలుకొచ్చారు. మీద నీలం పట్టా కప్పి ఉంది. అందరూ టోపీలు తీసి నడుస్తున్నారు."

"ఎప్పుడు?"

"మీరు గుమ్మంలోకి వచ్చే ముందు. కాసేపటి ముందే."

"మరి నువ్వు… చూసి కూడా…"

"చూసి, కిందికి దిగొచ్చి, సూపులో పుదీనా వేశాను. ఏం చెయ్యాలో తెలీలేదు. తర్వాత మీరొచ్చారు. మీకింకా తెలీదనుకున్నాను. అంత దూరం నడిచొచ్చారు, కడుపులో ఏదన్నా పడ్డాక చెబుదామని."

"నేనూ అదే అనుకున్నానే పిచ్చిదానా. నువ్వు తినేదాకా ఎవరూ లోపలికి రావొద్దని వాళ్ళందరికీ చెప్పా."

"మీకు ఎక్కడ తెలిసింది?"

"వంతెన దగ్గర. వీళ్ళేమో వారం పాటు పైనంతా వెతికారు. వాగు కిందికి తెచ్చేసింది వాణ్ణి. నేను వచ్చేసరికి ఒడ్డున పడుకోబెట్టి ఉంచారు. వాన వచ్చేలోపు కిందికి మోసుకెళ్ళలేం, బసకే తీసుకెళ్దాం, గుర్రం కావాలమ్మా అన్నాడు బోత్యో. దిగి ఇచ్చేశా."

"అయితే మీరు తనని చూసేశారు. చెప్పండత్తయ్యా. మీరు తల్లి, నేనేమీ అనుకోను. మొహం… మొహం ఎలా ఉంది? చూశారుగా?"

"లేదే. బోత్యో పట్టా ఎత్తబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపా. వీడికి పెళ్ళాం ఉంది, పైన ఎదురు చూస్తోంది, ముందు ఆ పిల్ల చూడాలి, ఆ తర్వాతే నేను, అని చెప్పా."