నందిగామ ఫైనల్లో సాంబయ్య ఇచ్చిన పాసు

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఆ రోజు నేను చేసింది ఒక్క పాసు ఇవ్వడం, అంతే," అన్నాడు సాంబయ్య.

జగ్గయ్యపేట గ్రౌండ్ గేటు పక్కన రాంబాబు టీ కొట్టు. బెంచీ మీద ఈ వేసవిలోనే పేట బాస్కెట్‌బాల్ టీమ్‌లోకి వచ్చిన ముగ్గురు కుర్రాళ్ళు. కాస్త అవతల కెప్టెన్ రూబెన్ టోర్నమెంటుకి పన్నెండు పేర్లు రాస్తున్నాడు. నలభై ఆరేళ్ళ సాంబయ్యని ఈసారి వద్దని కమిటీ చెప్పింది. ఆ సంగతి సాంబయ్యకీ తెలుసు.

"మూడేళ్ళ కిందటి మాట. ఒక్క ఏడాదిలో సీనియర్లు ఏడుగురు వెళ్ళిపోయారు, ఉద్యోగాలని కొందరు, ఒళ్ళు సహకరించక కొందరు, మిగిలింది నేనూ, మీసాలు సరిగా రాని పిల్లలూ. టీమ్ మూసేద్దామన్నారు. నేనొప్పుకోలా. వాళ్ళకి కాళ్ళున్నాయి, నాకు కళ్ళున్నాయి, చూద్దాం అన్నా. అట్లా ఆడుకుంటూ ఆడుకుంటూ నందిగామ వాళ్ళతో ఫైనల్ దాకా వెళ్ళాం. వాళ్ళ గ్రౌండే. ఒక్క పాయింటు వెనకున్నాం, ఎనిమిది సెకన్లున్నయ్, బాల్ నా చేతికొచ్చింది. చూస్తే మనవాళ్ళు నలుగురూ బిగుసుకుపోయి నిలబడ్డారు. అప్పుడేం చేశానో తెలుసా? ఎగిరా."

"ఎంత ఎత్తు?" అడిగాడు నవీన్‌బాబు, ముగ్గురిలో చిన్నవాడు.

"ముందు రింగు దాకానే. అయినా ఎవడూ కదల్లా. సరేనని ఇంకాస్త లేచా, లైటు స్తంభాలు దాటా. అటు చూస్తే పరిటాల ఆంజనేయస్వామి పెద్ద విగ్రహం భుజం, ఇటు చూస్తే మన సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు. దణ్ణం పెట్టుకుందామంటే చేతుల్లో బాల్ ఉందాయె."

"మరి దిగలేదా?"

"ఎట్లా దిగుతా? పిల్లలు ఇంకా భయంలోనే ఉన్నారుగా. పైనుంచే ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి చెప్పా, నువ్వు ఎడమకి జరుగు నాయనా, నువ్వు ఆ పొడుగాయనకి అడ్డం నిలబడు, గుండె దడగా ఉంటే నా వంక చూడు అని. అర్థం కానివాడికి రెండోసారి చెప్పా. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. హైవే మీద లారీలు ఆగిపోయినయ్. జనంలో సగం మంది ఇళ్ళకెళ్ళి అన్నాలు తిని వచ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నలుగురూ కుదురుకున్నారు. అప్పుడు వదిలా బాల్‌ని. అది దిగడానికే అరగంట పట్టింది. రింగు కింద ఈ రూబెన్ చేతుల్లోకి, పసిబిడ్డని అందించినట్టు వచ్చింది. వాడు వేశాడు, కప్పు మనదైంది. అందుకే చెప్తున్నా, ఏ టీమ్‌కైనా పెద్దవాడొకడు ఉండాలి."

రూబెన్ రాయడం ఆపాడు.

"గెలవలేదు బాబాయ్," అన్నాడు.

కుర్రాళ్ళు అతని వైపు తిరిగారు.

"మీరు ఎగరలేదు. కాలు పట్టేసి కుంటుతున్నారప్పుడు. కుంటుతూనే నాకు పాసిచ్చారు. చక్కటి పాసు. రింగు కింద ఒక్కణ్ణే ఉన్నా, చేతుల్లోకొచ్చిన బాల్‌ని నేనే జారవిడిచా. బయటికొచ్చాక మీరు కమిటీకి ఏం చెప్పారు? బాల్ వాడి కాళ్ళకేసి కొట్టా, వాడేం చేస్తాడు అని. దూరం నుంచి చూసినవాళ్ళంతా అదే నమ్మారు. మూడేళ్ళ నుంచి పేటంతా మీ వల్లే ఓడామని అంటోంది. నేను నోరెత్తలా."

రాంబాబు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. అలా అన్నవాళ్ళలో అతనూ ఉన్నాడు.

"ఎందుకట్లా చెప్పారండీ?" నవీన్‌బాబు నెమ్మదిగా అడిగాడు.

సాంబయ్య గొంతులో ఇందాకటి ఊపు లేదు.

"వాడికప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆ మాట వాడి మీద పడితే మళ్ళీ గ్రౌండ్‌లో అడుగు పెట్టేవాడు కాదు. నాదేముంది, ఆడగలిగినంతా ఆడేశా."

రూబెన్ కాగితం మీద పన్నెండో పేరు రాశాడు. కమిటీకి జరిగింది జరిగినట్టు తనే చెప్పుకుంటానన్నాడు. లేచొచ్చి సాంబయ్య పక్కన కూర్చున్నాడు.

"మొదటి ఐదుగురిలో మీరుండరు బాబాయ్. వీళ్ళ పక్కన బెంచీ మీద ఉండాలి. మ్యాచికి ఐదు నిమిషాలు ఆడిస్తా."

"మూడు చాలు," అన్నాడు సాంబయ్య.