ఓబులయ్య కలిపిన మందు

హలో… ఆ, నేనే. చెప్పు ఓబులయ్యా. జమ్మలమడుగు పార్టీ ఆఫీసులోనే ఉండా…

నోటీసొచ్చిందా… అవును, నీ పేటెంటుకు అభ్యంతరం పెట్టింది మా అల్లుడే. ప్రొద్దుటూరులో మందుల ఫ్యాక్టరీ పెడతాండాడు గదా… నీ గొర్రెపుండ్ల మందు కాకుండా ఇంకేం చేస్తాడప్పా.

అరవాకు. నిదానంగా విను…

సీతాఫలమాకు పురుగును సంపుతాదని తెలీనోడెవుడు? వేపనూనె… సున్నం… అన్నీ మీ తాతల నాటివే. చట్టం అడిగేది ఒకటే. తెలిసిన సరుకులే కలిపినావు, సరే. అట్లా కలపాలని గొర్రెలు కాసే ఎవునికైనా సుళువుగా తడతాదా, తట్టదా? తడితే పేటెంటు రాదు.

తట్టదంటావా… ఊఁ… సున్నంలో వేపనూనె పోస్తే తోలు ఊడిపోతాదని అందరూ తిట్టినారా… పాళ్లు కుదరడానికి ఆరేండ్లు పట్టిందా… నిజమేలే. వేములలో ఊరోళ్లంతా నిన్ను పిచ్చోడన్న్యారు, నాకూ తెలుసు.

కానీ పులివెందుల సన్మానంలో ఏమన్న్యావు? … గుర్తుల్యా? మైకులో చెప్పినావే. 'దీంట్లో నా గొప్పేం లేదప్పా, ఇవి కలపాలని గొర్రెలు కాసే ఎవునికైనా తడతాది' అని. వీడియో ఉంది. మద్రాసు పేటెంటు ఆఫీసుకు అదే పంపినాం.

… పెద్దల ముందర మర్యాదకన్న్యావా. మర్యాదకని వీడియోలో యాడా ల్యా.

… ఆ మాట చెప్పమన్నది నేనేనా? నేనే. శాలువా కప్పేటప్పుడు చెవిలో చెప్తి. నువ్వు కాదంటివా?

… చిన్నసుబ్బయ్య సాక్ష్యమా… నీ మాదిరే కలపబోయి పది గొర్రెల్ని సంపుకున్నోడు, ఆయప్పేనా… ఆయప్ప నిన్ననే మా కాయితం మీద వేలిముద్ర ఏసి పోయినాడు. గొర్రెలు పిడుగుపడి సచ్చినాయంట.

… మరి నీకేం కావాల్రా… దుడ్లొద్దా… డబ్బా మీద నీ పేరుంటే చాలా… అదే కుదరదు. పేరుంటే మందు నీదనుకుంటారు జనం.

… ఏంది… మీ అన్ననా…

ఆ మాట ఎత్తాకు ఓబులయ్యా… మర్చిపోతానా. నా జీపు మీద బాంబులేసిన పొద్దు, నా మీద పడి, నాకు తగలాల్సినవి తాను తగిలించుకోని సచ్చినాడు. శానా మంచోడు…

అందుకని మందు నీకొదిలేయల్లా?

… ఇను. ఆ పొద్దు నా పక్కన మీవోళ్లు ఎవురు కూర్చోనున్నా అదే చేసేవోళ్లు. మీ అన్నకేమన్నా కొత్తగా తట్టిందా?

… హలో…

హలో, ఓబులయ్యా…

పెట్టేసినాడు.