వేలు చెప్పిన పేరు

గరిస్సా ఊళ్ళో జాతీయ గుర్తింపు కార్డుల ఆఫీసు, మూడో కిటికీ. ఇవతల దేకా, ఆమె తల్లి బర్వాకో. అవతల గుమస్తా ముతిందా.

"మళ్ళీ పెట్టమ్మా. గట్టిగా నొక్కు."

"ఇది నాలుగోసారి సార్. వేలు మారదుగా."

"మారదు. అదే నీ ఖర్మ. ఇదిగో, మళ్ళీ ఎర్రగానే వచ్చింది. శరణార్థి అంటోంది."

"నేను శరణార్థిని కాను సార్. ఈ దేశంలోనే పుట్టాను. ఆస్పత్రి కాగితం ఇచ్చాను, బడి కాగితం ఇచ్చాను, ఊరిపెద్ద సంతకం తెచ్చాను..."

"తెచ్చావు. నేను నమ్ముతున్నా. మిషనే నమ్మట్లేదు."

"మరి దాని పక్కన మీరెందుకు సార్, కుర్చీ వేసుకుని?"

"దేకా! నోరు! బాబూ, దాని మాట పట్టించుకోకు. తప్పు నాది. కరువులో మా మేకలన్నీ పోయాయి. శరణార్థుల శిబిరంలో పిండి ఇస్తున్నారంటే దీన్ని తీసుకెళ్ళా. వేలు పెడితేనే పిండి అన్నారు. అయిదేళ్ళ పిల్ల, దానికేం తెలుసు?"

"ఆ ఏడు అందరూ వెళ్ళారులేమ్మా. మీ పేటలో సగం మంది ఈ కిటికీ దగ్గరే నిలబడుతున్నారు."

"పిండి కోసం తీసుకున్న వేలిముద్ర పిండికే వాడాలి సార్. కొత్త చట్టంలో రాశారు. తప్పుంటే దిద్దమని అడిగే హక్కు కూడా ఉంది. ఇదిగో, ప్రింటు తీయించుకొచ్చా."

"చదివా. బాగా రాశారు. ఎవరు దిద్దాలో రాశారా?"

"మీరే దిద్దాలి కదా సార్?"

"నైరోబీలో పై ఆఫీసుకి రాస్తే శిబిరం వాళ్ళనడుగు అంటారు. వాళ్ళు, మిషన్ పెట్టిన కంపెనీనడుగు అంటారు. కంపెనీ సముద్రం అవతల. నా దగ్గర చూసే బటనుంది, దిద్దే బటన్ లేదు."

"శుక్రవారంలోగా కార్డు చూపించకపోతే నర్సింగ్ సీటు పోతుంది సార్! ఎవరికి చెప్పుకోను? ఆ కంపెనీకా?"

"అరవకు. ఆగు... పాత రికార్డు ఇవాళ తెరుచుకుంటోంది. నీ పూర్తి పేరు?"

"దేకా ఫారహ్ వర్సమే."

"ఇక్కడ ఇదిల్ ఫారహ్ వర్సమే అని ఉందే. అప్పటికి ఏడేళ్ళు."

"చూశారా! పేరు వేరు, వయసు వేరు! నేను కానే కాదు! అమ్మా, విన్నావా?"

"పద, ఇంటికెళ్దాం."

"ఇంటికా? ఇప్పుడా? అమ్మా, ఇదిల్ ఎవరు?"

"పద అంటున్నానా!"

"ఎవరమ్మా?"

"మీ అక్క. నువ్వు పసితనం నుంచి అమ్మమ్మ దగ్గరే ఉన్నావు, నీకు గుర్తుండదు. శిబిరంలో దాని పేరు రాయించా. వేలిముద్రలు తీసుకునే రోజుకి వారం ముందు, జ్వరంతో పోయింది. పేరు కొట్టేస్తే దాని వాటా పిండి ఆపేస్తారు. నిన్ను తెప్పించి నీ వేలు పెట్టించా."

"పదమూడేళ్ళు... ఒక్క మాట చెప్పలేదే?"

"చచ్చిన బిడ్డ పేరున పిండి తిన్నామని ఎలా చెప్పనే?"

"ఆగు దేకా. ఏడవకమ్మా. ఇదే నిజమైతే దారి దొరికినట్టే. ఇదిల్ చనిపోయిందని కాగితముందా?"

"కాగితమా? ఇసుకలో పూడ్చాం బాబూ. ఎక్కడో కూడా చూపించలేను."

"అయితే కన్నతల్లివి నువ్వు చెప్పినా చాలు. చావు రాసుకునే అధికారం మాకిచ్చారు. రాశానంటే ఆ రికార్డు మూతపడుతుంది. నీ కూతురి దారి నీ కూతురిది."

"నా నోటితో చెప్పాలా?"

"చెప్పి, ఇక్కడ వేలు పెట్టాలి."

"అమ్మా, వద్దులే. ఇంకో దారి చూద్దాం..."

"ఊరుకో. నువ్వు చదువుకోవాలి. రాసుకో బాబూ. నా పెద్దకూతురు... ఇదిల్... చనిపోయింది."

"అయిపోయింది. మిషన్ తీసుకుంది, పచ్చగా వచ్చింది. దేకా, నీ కార్డు మొదలుపెడదాం. వేలు పెట్టు."

"పెట్టా సార్."

"ఇంకోసారి."

"పెట్టా. ఏమంటోంది?"

"ఉండు... ఇంకో వేలు పెట్టు."

"చెప్పండి సార్, ఏమంటోంది?"

"ఈ వేలున్న మనిషి చనిపోయిందంటోంది."

"కొట్టెయ్ బాబూ! నేనన్నది కొట్టెయ్! ఇదిల్ బతికే ఉంది... నా ఇదిల్ బతికే ఉందని రాయి!"